ఇంటిపేరు మారిన గోదురుకప్ప

ఈసారి సైన్సు పేజీలో ఒక అరుదైన కప్ప గురించి తెలుసుకుందాం.

వాన పడితే మన బాత్‌రూముల దగ్గరికి వచ్చే గోదురుకప్పను అందరం చూశాం. దాని ఒళ్లంతా బొడిపెలు, తల మీద నల్లటి గట్లు. దానికి ఒక చుట్టం ఉంది. అది రాతిబండల మీద, సందుల్లో బతుకుతుంది. దాని ఒళ్లు నున్నగా ఉంటుంది, తల మీద గట్లు ఉండవు. ఈ రెండు గుర్తులతోనే దాన్ని పోల్చుకుంటారు.

వర్గీకరణ:
రాజ్యం – జంతువులు
వర్గం – కార్డేటా
విభాగం – ఉభయచరాలు
క్రమం – అనూరా (తోక లేనివి)
కుటుంబం – బ్యుఫోనిడే
ప్రజాతి – దత్తాఫ్రైనస్
జాతి – హోలోలియస్

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది కదా! శాస్త్రీయ నామంలోనూ అంతే, ప్రజాతి పేరు ముందు, జాతి పేరు తర్వాత. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఆల్బర్ట్ గుంథర్ 1876లో దీనికి బ్యుఫో హోలోలియస్ అని పేరు పెట్టాడు. తర్వాత శాస్త్రవేత్తలు ఇంటిపేరు మార్చారు. మన దేశంలో కప్పల మీద పరిశోధన చేసిన సుశీల్ కుమార్ దత్తా గారి పేరు మీద దత్తాఫ్రైనస్ అన్నారు. మన బాత్‌రూము కప్పదీ ఇప్పుడు అదే ఇంటిపేరు!

ఇక ఊరి సంగతి. గుంథర్ దాని ఊరు మలబార్ అని రాశాడు. మలబార్ అంటే కేరళ వైపు. కానీ తర్వాత అది మన నాగార్జునసాగర్ దగ్గర, ఇంకా కర్ణాటక, తమిళనాడు రాతికొండల్లో కూడా దొరికింది. ఇంగ్లీషులో మాత్రం ఇప్పటికీ మలబార్ కప్ప అనే పేరు ఉంది.

ఊరి పేరుతో ఏం పని అంటారా? రిజిస్టరులో మన ఊరు తప్పు పడితే సర్టిఫికెట్టు కోసం నాయన ఎన్నిసార్లు ఆఫీసుకు తిరగాలో మనకు తెలుసు. కప్ప తిరగలేదు. పేరు చూసి కేరళ అడవిలోనే వెతికితే, ఇక్కడ దాని బండలు పగిలి కంకర అయినా ఎవరికీ తెలియదు. మన శామీర్‌పేట, మేడ్చల్ వైపు కూడా రాతిగుట్టలు కరిగిపోతున్నాయి. గుట్ట మళ్లీ మొలవదు.

అందుకే కప్ప కనపడితే రాయి వేయకండి. తల, చర్మం చూసి, తేదీ, చోటు నోటుబుక్కులో రాయండి. ముట్టుకోవద్దు, దాని కళ్ల వెనక విషగ్రంథులు ఉంటాయి. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ప్రశ్నలు:
1. ఈ కప్పకూ బాత్‌రూము కప్పకూ రెండు తేడాలు చెప్పండి.
2. తర్వాత ఏ పేరు మారింది, ఏ పేరు మారలేదు?