కంప్యూటర్ బాగుచెయ్యి, నాన్నను కసురుకోకు

కార్ఖానా, సికింద్రాబాద్

చిరంజీవి చిన్నికి,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినవన్నీ విన్నాను. కంప్యూటర్ సంగతికి నేనేమీ కంగారుపడలేదు. కానీ చివర్లో "నాన్న ఏది పడితే అది నొక్కేస్తున్నాడు, ఇక దాన్ని ముట్టుకోవద్దని చెప్పేశాను" అన్నావు చూడు, ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

బ్రౌజర్ తెరవగానే ఏదో తెలియని సెర్చ్ పేజీ రావడం, కుడివైపు కింది మూలన వైరస్‌లున్నాయని మాటిమాటికీ హెచ్చరికలు, డ్రైవర్లు పాతబడ్డాయి డబ్బు కట్టమని ఒక ప్రోగ్రాం వెంటపడటం. నువ్వు చెప్పిన లక్షణాలు ఇవే కదా. ఇవన్నీ ఇంట్లో కూర్చుని వదిలించుకోగలిగినవే. షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టిస్తానన్నావు, అప్పుడే వద్దు. ఏళ్లపాటు మీ నాన్న టైపు చేసుకున్న పాఠాలు, వ్యాఖ్యానాలు అందులోనే ఉన్నాయి. పైగా చాలాచోట్ల ఫార్మాట్ చేసి లైసెన్సు లేని విండోస్ ఎక్కిస్తారు. దాన్ని నడిపించడానికి ఒక యాక్టివేటర్ పెడతారు. ఆ యాక్టివేటర్ పనిచెయ్యాలంటే ముందు యాంటీవైరస్ ఆపెయ్యాలంటారు. కాపలావాణ్ణి బయటికి పంపి తలుపు తీయమనేవాణ్ణి ఎవరైనా ఇంట్లోకి రానిస్తారా చెప్పు.

అసలివి ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే మీ నాన్న మీద నీకు కోపం తగ్గుతుంది. ఒక ఉచిత ప్రోగ్రాంతో పాటు తమ ప్రోగ్రాంనీ ఎక్కిస్తే, ఎక్కించిన ఒక్కో కంప్యూటర్‌కీ ఇంత అని డబ్బిచ్చే కంపెనీలున్నాయి. ఆ డబ్బు కోసం పెద్ద పేరున్నవాళ్లు కూడా కక్కుర్తిపడ్డారు. జావా అప్‌డేట్‌తో ఏళ్ల తరబడి ఆస్క్ టూల్‌బార్ వచ్చేది. ఒప్పుకుంటున్నట్టు టిక్కు వాళ్లే ముందుగా పెట్టి ఉంచేవారు. 2013లో ఒక పాత్రికేయుడు పరీక్షించి చూస్తే, జావా ఎక్కడం పూర్తయ్యాక ఆ టూల్‌బార్ పది నిమిషాలు ఊరకుండి, మనిషి ఆ సంగతి మరిచిపోయాక చేరుతోందని తేలింది. 2015లో లెనోవో కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నింటిలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం ముందే ఉందని బయటపడింది. మనం చూసే పేజీల్లోకి అది తన ప్రకటనలు దూర్చేది. అంతేకాదు, బ్యాంకు సైట్ల భద్రతకే గండి కొట్టింది. డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్త ల్యాప్‌టాప్ సంగతే అలా ఉంటే, రిటైరైన తెలుగు మాస్టారు ఒక తప్పు బటన్ నొక్కాడని ఎలా కసురుకుంటాం?

మీ కంప్యూటర్‌లోకి ఇవి ఎలా వచ్చి ఉంటాయో నాకు ఇంచుమించు అర్థమైంది. మీ నాన్నకి అను ఫాంట్లు కావాలి, ప్రెస్సువాళ్లు అను ఫైలే అడుగుతారు. "అను స్క్రిప్ట్ మేనేజర్ ఫ్రీ డౌన్‌లోడ్" అని వెతికి ఉంటాడు. అలా వెతికితే వచ్చే పేజీల్లో పెద్ద పచ్చ డౌన్‌లోడ్ బటన్లు మూడు నాలుగుంటాయి. అవన్నీ ప్రకటనలే. వాటిలో దేన్ని నొక్కినా ఫాంటు రాదు, వేరేదేదో దిగుతుంది. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ అయినా అంతే. విండోస్‌లో ఎక్కించుకునే రకాన్ని గూగుల్ ఎప్పుడో తీసేసింది. ఇప్పుడు ఎక్కడెక్కడో దొరికేవన్నీ ఎవరో పెట్టిన కాపీలు. తెలుగులో రాయాలన్న కోరికే మన పెద్దవాళ్లను ఇలాంటి గుంటల్లో పడేస్తోందంటే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ అవసరం తీరడానికి ఇప్పుడు పైసా ఖర్చు లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చి, దాని ఆప్షన్లలో ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకో. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిషు నుంచి తెలుగుకు మారుతుంది. ఏమీ ఎక్కించుకోకుండా బ్రౌజర్‌లోనే రాసుకోవాలంటే లేఖిని ఉంది. మంచి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రెస్సువాళ్లు అనులోనే కావాలని పట్టుబడితే లైసెన్సు కొనండి, లేదా యూనికోడ్ ఫైలిచ్చి మార్చుకోమనండి. ఈ ఏర్పాటు ముందు చెయ్యి. అవసరం అలాగే ఉంటే, నువ్వు ఎంత శుభ్రం చేసినా ఆయన మళ్లీ ఆ పేజీకే వెళ్తాడు.

ఇక తీసే పని. మొదట నాన్న ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, డ్రైవ్ తీసి పక్కన పెట్టు. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ వరసలో పెట్టు. అన్నిటికన్నా పనికొచ్చేది ఈ వరసే. ఒకే రోజున ముక్కూమొహం తెలియని పేర్లు మూడో నాలుగో కలిసి చేరి ఉంటాయి. ఏదో పీసీ క్లీనర్, ఏదో డ్రైవర్ అప్‌డేటర్, ఏదో సెర్చ్ అసిస్టెంట్. అన్నీ ఒకే ఇన్‌స్టాలర్‌తో దిగినవన్నమాట. ఒక్కొక్కటే అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. పోతూ పోతూ కూడా అవి మాయ చేస్తాయి. "ఉంచుకుంటాను" అన్న బటన్ పెద్దదిగా మెరుస్తూ ఉంటుంది, "తీసెయ్యి" అన్నది బూడిదరంగులో చిన్న అక్షరాలతో పక్కనెక్కడో ఉంటుంది. ప్రతి తెరా రెండుసార్లు చదివి నొక్కు. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ పేరుతో ఉన్నవి, ఇంటెల్, రియల్‌టెక్ పేర్లతో ఉన్నవి మాత్రం కదపొద్దు, అవి కంప్యూటర్‌కి కావాల్సినవే. తెలియని పేరు కనిపిస్తే తీసే ముందు నాకు ఫోన్ చెయ్యి.

తర్వాత బ్రౌజర్. ఎక్స్‌టెన్షన్లలో నువ్వో నాన్నో కావాలని పెట్టుకోనివన్నీ తీసెయ్యి. కుడి మూలన వచ్చే ఆ వైరస్ హెచ్చరికలున్నాయే, చాలాసార్లు అవి ఏ ప్రోగ్రామూ పంపేవి కావు. ఎప్పుడో ఒక సైట్ "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగితే "అలౌ" నొక్కి ఉంటారు, అంతే. క్రోమ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్లి, అనుమతి పొందిన సైట్ల జాబితా చూడు. తెలియనివన్నీ తీసేస్తే ఆ హెచ్చరికలు అక్కడితో ఆగిపోతాయి. సెర్చ్ ఇంజిన్‌ను మళ్లీ మామూలుగా పెట్టు. అది తనంతట తాను మారిపోతూ ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌ని రీసెట్ చెయ్యి. డెస్క్‌టాప్ మీదున్న బ్రౌజర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అన్న గడి కూడా చూడు. ప్రోగ్రాం పేరు వెనక ఏదైనా వెబ్‌సైట్ అడ్రసు అంటించి ఉంటే చెరిపెయ్యి. చాలామంది చూడని చోటు అది. అన్నీ తీసినా ఆ పేజీ మళ్లీ మళ్లీ వస్తోందంటే కారణం అక్కడ ఉండొచ్చు.

ఆఖరున విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. అక్కడే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో అక్కర్లేని యాప్‌లను ఆపే సెట్టింగ్ ఉంటుంది, ఆన్‌లో ఉందో లేదో చూడు. రెండో అభిప్రాయం కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ఆడ్‌డబ్ల్యుక్లీనర్ వాళ్ల సైట్ నుంచే తెచ్చుకో. మన ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలోనూ ఉచిత పరికరాలున్నాయి. వాటిలో యూఎస్‌బీ ప్రతిరోధ్ మన హైదరాబాద్ సీడాక్ వాళ్లు చేసినదే. జిరాక్సు షాపులకి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి వచ్చే ఇళ్లకి అది అక్కరకొస్తుంది. అంతకుమించి క్లీనర్లు, బూస్టర్లు పోగెయ్యకు. 2017లో సీక్లీనర్ అనే పేరున్న శుభ్రపరిచే ప్రోగ్రాంలోకే దొంగలు చొరబడ్డారు, ఆ పాడు వెర్షన్ 22 లక్షలకు పైగా కంప్యూటర్లలో చేరింది.

ఇప్పుడు నాన్న సంగతి. మా కార్ఖానాలో, పక్కన విక్రంపురిలో, పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆర్మీలో చేసి రిటైరైన ఒకాయన భార్య, మాకు బాగా తెలిసినావిడ, కరెంటు బిల్లు కట్టబోయి ఏదో తప్పు పేజీలో పడింది. తెర నిండా నీలం రంగు. సైరన్ మోత. కంప్యూటర్ ఆపొద్దు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని ఇంగ్లిషులో ఒక ఆడగొంతు చెప్పిందే చెబుతోంది. మూసే బటన్ కనబడదు. ఆవిడ భయపడి ఫోన్ చేసింది. అవతలివాడు దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్ ఒకటి ఎక్కించమన్నాడు, కార్డు వివరాలు అడిగి తీసుకున్నాడు. కొంత డబ్బు పోయింది. నాకు బాధ కలిగించింది ఆ తర్వాత సంగతి. ఆవిడ రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, కొడుకు కేకలేస్తాడని. మోసం జరిగిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారేలోపు బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది. ఆ వేళ కాస్తా భయంతోనే గడిచిపోయింది.

ఇవి ఊరికే జరిగే చిల్లర మోసాలు కావు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద 2023 అక్టోబర్‌లో సీబీఐ దేశమంతటా నకిలీ సహాయ కేంద్రాల మీద దాడులు చేసింది. మనిషిని ఎలా భయపెట్టాలో నేర్చుకుని కూర్చున్నవాళ్లు వాళ్లు. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ పెట్టదు. ఈ ఒక్క మాట కాగితం మీద పెద్దక్షరాల్లో రాసి మానిటర్ పక్కన అంటించు. అలాంటి తెర వచ్చిందా, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌కి ఎండ్ టాస్క్ కొట్టాలి. మళ్లీ తెరిచాక "రిస్టోర్" అని అడిగితే ఒప్పుకోకూడదు, ఒప్పుకుంటే అదే పేజీ తిరిగొస్తుంది. ఇది నాన్న చేత ఒకసారి చేయించు, చేతికి అలవాటవ్వాలి.

నాన్నకి వేరుగా స్టాండర్డ్ అకౌంట్ ఒకటి పెట్టు. రాసుకోవడానికి, చదువుకోవడానికి, బిల్లులు కట్టడానికి అది చాలు. కంప్యూటర్ మొత్తాన్ని మార్చే ప్రోగ్రాం ఏదైనా ఎక్కాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ దాచి ఆయన్ని చిన్నబుచ్చకు. "ఇది అడిగినప్పుడు ఒకసారి నన్ను పిలువు నాన్నా, ఇద్దరం చూద్దాం" అని చెప్పు. నా లెక్కలో ఏ యాంటీవైరస్ కంటే ఇదే గట్టి కాపలా. ఇంకొకటి. మీది విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 పట్టే మెషీనైతే మార్చు, పట్టకపోతే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఛందస్సు చెప్పిన మనిషి మీ నాన్న. అరవై దాటాక కీబోర్డు ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పాఠాలు టైపు చేశాడు. ముట్టుకోవద్దంటే ముట్టుకోవడం మానేస్తాడు, నాకు తెలుసు, అంత పంతం ఉంది మా తమ్ముడికి. లేకపోతే నువ్వు లేనప్పుడు ముట్టుకుని, ఏదైనా జరిగితే నీకు చెప్పడు. రెండూ నష్టమే.

ఈ ఆదివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే మొదలుపెట్టు. ఏది తీయాలో, ఏది ఉంచాలో ఆయన్నీ అడుగు. కాపీ చేసిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే అన్‌ఇన్‌స్టాల్ జోలికి వెళ్లు. ఎక్కడ ఆగినా ఫోన్ చెయ్యి, పొద్దుటినుంచీ ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న