మూడు నెలల లెక్క: కంపెనీల మధ్యంతర ఏకీకృత నివేదికల వెనుకనున్న విధానములు

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ‘ఫసలీ’ అను మాట వినని ఇల్లు ఉండదు. ఉర్దూలో ‘ఫసల్’ అనగా పంట. పంటను బట్టి ఏర్పడిన సంవత్సరమే ఫసలీ. నేటి రెవెన్యూ లెక్కలలో అది జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. 1434 ఫసలీ అనగా 2024 జూలై 1 నుండి 2025 జూన్ 30 వరకు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఆవర్జా – మన తెలుగు లెక్కల పుస్తకములలోని ఈ మాటలన్నియు అరబ్బీ పారశీకముల నుండి వచ్చి మనవైనవి. కనుక లెక్కల శాస్త్రము మన కళాశాలలోని ఉభయ భాషల వారికిని ఉమ్మడి సొత్తే.

ఫసలీ కల్పించిన పెద్దల బుద్ధి యిది: పంట చేతికి వచ్చిన తరువాతనే లెక్క తేలును. పైరు పచ్చగా నున్నప్పుడు రైతును లెక్క అడిగినచో అతడు పెట్టిన ఖర్చు చెప్పగలడు గాని, రాబడిని అంచనా వేయవలసినదే. నేటి కంపెనీలు సరిగా ఈ ఇబ్బందిలోనే ఉన్నవి. వాని సంవత్సరము ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగియును. కాని స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీ ప్రతి మూడు నెలలకును ఫలితములు ప్రకటింపవలెను. సెబీ 2015 నాటి నిబంధనల ప్రకారము, ఏడాది చివరి త్రైమాసికము తప్ప తక్కినవానికి, త్రైమాసికము ముగిసిన 45 దినములలో ఈ పని జరుగవలెను. అనుబంధ కంపెనీలు గల సంస్థలు తమ కుటుంబమంతటి లెక్కలను కలిపి, ఏకీకృత ఫలితములను కూడ ప్రతి త్రైమాసికమునకు ఇచ్చుట 2019 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి యైనది. ఇట్టి నివేదికలే మధ్యంతర ఏకీకృత నివేదికలు. వానిలోని అంకెలు ఏ నియమముల వలన పుట్టినవో తెలిసికొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

విధానమనగా నేమి?

ఒకే వ్యవహారమును ధర్మముగనే రెండు మూడు రీతుల లెక్కింపవచ్చును. వానిలో కంపెనీ ఎన్నుకొన్న రీతియే అకౌంటింగు విధానము. ఆ రీతిని పాఠకునకు వెల్లడింపవలెనని భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1979లోనే తన మొదటి ప్రమాణములో చెప్పినది. వ్యాపారము కొనసాగును, విధానము ఏటేట మారదు, వ్యవహారము జరిగినప్పుడే లెక్కకెక్కును – ఈ మూడును దానికి పునాదులు. నేడు పెద్ద కంపెనీలకు వర్తించు ‘ఇండ్ ఏఎస్’ ప్రమాణములలో 34వది మధ్యంతర నివేదికలకును, 110వది ఏకీకృత నివేదికలకును సంబంధించినవి.

34వ ప్రమాణము యొక్క సారాంశము ఒక్కటే: వార్షిక లెక్కలలో అనుసరించు విధానములనే మూడు నెలల లెక్కలలోను అనుసరింపవలెను. అందుచేత మధ్యంతర నివేదిక సంక్షిప్తముగా నుండి, విధానములను గూర్చి తరచుగా ఒక్క వాక్యముతో సరిపెట్టును. వివరములకై పాఠకుడు గత వార్షిక నివేదిక తెరువవలెను. ఈ శ్రమ పడనివాడు అంకెలు చూచును గాని లెక్క చూడడు.

మన ప్రత్తి విత్తనము

దూరపు ఉదాహరణములేల? కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డ సంకర ప్రత్తి విత్తనోత్పత్తికి పేరు పొందినది. సాయంకాలము ఆడ మొక్క మొగ్గలోని కేసరములను తొలగించి, మరునాటి ఉదయము మగ మొక్క పుప్పొడిని చేతితో అద్దుదురు. ఇట్లు పుట్టిన గింజలు పరీక్షలు దాటి, సంచులకెక్కి, మరుసటి వానకాలమునకు ముందు దుకాణములకు చేరును. ఒక త్రైమాసికములో పండినది ఇంకొక త్రైమాసికములో అమ్ముడగును.

సికింద్రాబాదు కేంద్రముగా గల కావేరీ సీడ్ కంపెనీ 1986లో కంపెనీగా ఏర్పడి, 2007లో స్టాక్ ఎక్స్ఛేంజీలకెక్కినది. ప్రత్తి, మొక్కజొన్న, వరి విత్తనములమ్ము ఈ కంపెనీ ఏటి అమ్మకములలో అధికభాగము ఏప్రిల్–జూన్ త్రైమాసికములోనే జరుగును. ఆ మూడు నెలల లాభమును నాలుగింతలు చేసి ఏటి లాభమనుకొనుట ఎంత తప్పో, తరువాతి త్రైమాసికమును చూచి కంపెనీ కూలినదనుకొనుటయు అంతే తప్పు. నిరుటి అదే త్రైమాసికముతో పోల్చిచూచుటయే సరియైన మార్గము. మిక్కిలి ఋతువుపై ఆధారపడు వ్యాపారములు గడచిన పండ్రెండు నెలల అంకెలను కూడ ఇచ్చుట మేలని 34వ ప్రమాణము సూచించుచున్నది.

విత్తన వ్యాపారములో నాలుగు విధానములను ముఖ్యముగా చూడవలెను.

మొదటిది రాబడి. డీలరునకు పంపిన సంచులన్నియు అమ్ముడుపోవు. మిగిలినవి తిరిగి వచ్చును. ఊహకు, జూన్ 30 నాటికి కంపెనీ 100 కోట్ల సరకు పంపినదనుకొందము. అందులో 15 కోట్ల సరకు తిరిగి రాగలదని పూర్వానుభవము చెప్పినచో, 85 కోట్లే రాబడి. తక్కిన 15 కోట్లు తిరిగి ఇయ్యవలసిన బాధ్యత. ఈ అంచనాను తగ్గించి చూపినచో నేటి లాభము ఉబ్బి, రేపటి త్రైమాసికము దాని శిక్ష అనుభవించును.

రెండవది సరకు నిల్వ. కొన్న ఖర్చు, అమ్మగా చేతికి రాగల నికర ధర – ఈ రెంటిలో ఏది తక్కువో దానినే వేయవలెను. మొలకశక్తి పోయిన విత్తనము గోదాములో ఎంత ఎత్తున పేర్చినను ఆస్తి కాదు. ఆ నష్టమును మార్చి వరకు దాచుట తగదు.

మూడవది ఖర్చు. ఋతువును బట్టి వచ్చు రాబడిని ముందుగా చూపరాదు, వెనుకకు నెట్టరాదు. ఏడాది చివర వాయిదా వేయుటకు వీలులేని ఖర్చును మధ్యలోను వాయిదా వేయరాదు.

నాలుగవది పన్ను. ఏడాది మొత్తమునకు అంచనా వేసిన సగటు రేటునే మూడు నెలల లాభమునకు వర్తింపజేయవలెను.

ఏకీకరణము

గద్వాల, వనపర్తి ఒకప్పుడు నిజాము ఏలుబడికి లోబడిన సంస్థానములు. సంస్థానపు జమాఖర్చులు సంస్థానములోనే ఉండగా, హైదరాబాదు ఖజానాకు పేష్కషు మాత్రము చేరెడిది. హోల్డింగు కంపెనీ తన సొంత లెక్కలలో అనుబంధ కంపెనీనుండి వచ్చిన డివిడెండును మాత్రము చూపుట ఇట్టిదే. ఏకీకృత లెక్కలో అట్లు కాదు. అధికారము తన చేతిలోనున్న ప్రతి కంపెనీ ఆస్తులను, అప్పులను, రాబడిని, ఖర్చును వరుస వెంట వరుస కలుపవలెను. కలుపుటకు ముందు అందరి విధానములు ఒక్కటి కావలెను. అటుపిమ్మట ఇంటిలోని వారు ఇంటిలోని వారికి అమ్ముకొన్న అమ్మకములను తీసివేయవలెను.

ఒక లెక్క చూతము. హోల్డింగు కంపెనీ 70 లక్షల ఖర్చుతో సిద్ధమైన సరకును, తనకు 80 శాతము వాటా గల అనుబంధ కంపెనీకి 100 లక్షలకు అమ్మినది. ఆ కంపెనీ అందులో 60 శాతమును బయటివారికి 75 లక్షలకు అమ్మినది. విడివిడిగా చూచిన లాభము 30, 15 – మొత్తము 45 లక్షలు. కాని బయటనుండి వచ్చినది 75 లక్షలు, దానికైన అసలు ఖర్చు 42 లక్షలు. నిజమైన లాభము 33 లక్షలే. తక్కిన 12 లక్షలు గోదాములోని సరకులో దాగిన లాభము. దానిని తీసివేసి, నిల్వను 40 లక్షలకు బదులు 28 లక్షలుగా చూపవలెను.

ఈ 33 లక్షలలో అనుబంధ కంపెనీయందు 20 శాతము వాటా గల బయటివారికి 3 లక్షలు చెందును. పాత ప్రమాణములలో దీనికి ‘మైనారిటీ వాటా’ యని పేరు. సంఖ్యలో కొద్దివారైనను వారి భాగము పెద్దవారి భాగములో కలిసిపోరాదు, వేరుగా కనబడవలెను. ఈ న్యాయము మన కళాశాల విద్యార్థులకు ప్రత్యేకముగా వివరింపనక్కరలేదు.

రైతు బాకీ ఎక్కడ?

మన విద్యార్థులలో విత్తన రైతుల బిడ్డలు కలరు. గింజలు అప్పగించి, జి.ఓ.టి. పరీక్ష ఫలితమునకై, ఆర్గనైజరు చెల్లింపునకై తండ్రి నెలల తరబడి ఎదురుచూచుట వారెరుగుదురు. ఆ బాకీ కంపెనీ నివేదికలో ‘వ్యాపార చెల్లింపులు’ అను ఒక్క వరుసలో చేరియుండును. కొనుగోలు ఎప్పుడు లెక్కకెక్కును – గింజలు చేరినప్పుడా, పరీక్షలో నెగ్గినప్పుడా – అను విధానమే ఆ బాకీ కనబడు దినమును నిర్ణయించును. సరకును గోదాములో చూపి బాకీని చూపకున్నచో, ఆస్తి పెరిగినట్లును, అప్పు లేనట్లును భ్రమ కలుగును. కనుక లెక్కల విధానము పట్నపు వాటాదారుల గొడవ మాత్రమే కాదు; అది మన పొలము గట్టు వరకు వచ్చును.

సత్యం నేర్పిన పాఠము

విధానము వ్రాసినంత మాత్రమున చాలునా? చాలదని హైదరాబాదులోనే రుజువైనది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు బి. రామలింగరాజు తన లేఖలో ఒప్పుకొన్న అంకెలు ఒక మధ్యంతర దినమునకు, అనగా 2008 సెప్టెంబరు 30కి సంబంధించినవే. పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనివి. చూపని అప్పు 1,230 కోట్లు. ఆ త్రైమాసికపు రాబడి 2,700 కోట్లని ప్రకటింపగా అసలు 2,112 కోట్లు; నిర్వహణ లాభము 649 కోట్లని ప్రకటింపగా అసలు 61 కోట్లు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించెను.

ఇచ్చట లోపము విధానమును ఎన్నుకొనుటలో లేదు; లెక్కించిన నగదే లేదు. త్రైమాసిక ఫలితములపై ఆడిటరు చేయునది సాధారణముగా పరిమిత సమీక్ష మాత్రమే; ప్రశ్నలడుగుట, అంకెలను పోల్చిచూచుట దానిలో ముఖ్యము. అది పూర్తి ఆడిటు కాదని పాఠకుడు మరువరాదు.

కావున మధ్యంతర నివేదిక చేతికి వచ్చినప్పుడు మన విద్యార్థులు ఐదు ప్రశ్నలు వేసికొందురు గాక: ఈ వ్యాపారమునకు ఋతువు కలదా? నిరుటికిని నేటికిని విధానము మారినదా? రాబడి, నిల్వలలో అంచనా ఎంత? ఇంటిలోని అమ్మకములు తీసివేసిరా? లాభమునకు తగిన నగదు చేతికి వచ్చినదా?

మేము ఈ వ్యాసమును వాణిజ్యశాస్త్ర విద్యార్థుల కొరకే వ్రాసినను, కళాశాల సంఘము వారికిని ఒక మనవి కలదు. గ్రంథాలయమునకు ప్రతి సంవత్సరము రెండు మూడు కంపెనీల వార్షిక నివేదికలు తెప్పించినచో, వాని ప్రక్కన త్రైమాసిక ఫలితములనుంచి చదువుట అలవడును. పైరు పచ్చగా నున్నప్పుడే పంటను అంచనా కట్టగల నేర్పు మన పెద్దలకుండెను. వారి బిడ్డలు ఆ నేర్పును లెక్కల కాగితముపై చూపగలిగిననాడు మా శ్రమ ఫలించినట్లే.