వాద్యధ్వని వినబడినప్పుడు

ధ్యాన భాగము: దానియేలు 3వ అధ్యాయము

బబులోను రాజైన నెబుకద్నెజరు దూరా మైదానములో 60 మూరల ఎత్తుగల ప్రతిమను నిలువబెట్టించెను. వాద్యధ్వని వినబడగానే అందరును సాగిలపడవలెనని ఆజ్ఞ. ఆ వాద్యముల పేర్లు ఈ అధ్యాయములో నాలుగు మారులు వచ్చుట మనము గమనింపవలెను. ముందు సంగీతము, వెనుక అగ్నిగుండము! భయము మోకాళ్లను వంచును. పాట మనస్సును వంచును.

జర్మనీలో హిట్లరు ఈ మార్గమునే పట్టెను. 1933లో గోబెల్సు చేతిక్రింద ప్రచార మంత్రిత్వశాఖ ఏర్పడెను. చౌక రేడియోలు ఇండ్లలోనికి చేరెను. పార్టీ పాట జాతీయగీతముతో సమానమాయెను. చేయి చాచి పాడని వాడు అనుమానమునకు గురియగుచుండెను. గుంపుతో గొంతు కలిపినవాడు ఆ మాటలు సత్యమా యని అడుగడు. క్రైస్తవులనేకులు కూడ పాడిరి. అయితే 1934 మే నెలలో బార్మెనులో కూడుకొనిన సంఘ ప్రతినిధులు, యేసుక్రీస్తు తప్ప తమకు వేరొక ప్రభువు లేడని ప్రకటించిరి.

షద్రకు, మేషాకు, అబేద్నెగో వాద్యములను ఆపలేదు. సాగిలపడక నిలిచిరి, అంతే. మనమును పాడుటకు ముందు ఆలోచింతము: ఈ పాట ఎవరిని హెచ్చించుచున్నది? మన సభలలో నాయకులకు పాడు స్వాగతగీతములలో దేవునికి చెందవలసిన స్తుతి మనుష్యునికి పోవుచున్నదా? నిలిచియుండు కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.