బుర్ర, వెదురు, ఒక తీగ

మా పాలమూరు పల్లెకు తత్వాలు పాడుకుంటూ ఒక బైరాగి తాత వచ్చేవాడు. ఆయన చేతిలో ఏక్‌తార. సొరబుర్ర, వెదురుకర్ర, మేకతోలు, ఒక్క తీగ, అంతే. ఆ నాదం వెంట వీధి చివరిదాకా పరుగెత్తినవాణ్ని, ఉద్యోగ విరమణ తర్వాత సొంతంగా ఏక్‌తారలు చేయడం మొదలుపెట్టాను. పదిహేనేళ్లయింది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, అందుకే నేర్చుకున్నది రాసిపెడుతున్నాను.

1. కాయ పాదు మీదే ముదరాలి. మొదటిసారి నేను తొందరపడ్డాను. నిగనిగలాడే పచ్చికాయను కోసి దూలానికి వేలాడదీశాను. ఇరవై రోజులకు అడుగు మెత్తబడింది, నీళ్లు కారాయి, ఇల్లంతా కుళ్లు వాసన. తొడిమ గోధుమరంగుకు తిరిగి, తీగ వాడిపోయాకే కోయాలి. ఆ తర్వాత గాలాడే నీడలో నెలల తరబడి ఉంచాలి. పైన నల్లగా బూజు పడుతుంది. పాడైందనుకుని పారేయకండి, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమనాలి. ఆ చప్పుడు వినేదాకా రంపం ముట్టుకోకండి.

2. కూర సొర వేరు, బుర్ర సొర వేరు. గుండ్రంగా కాసే, పెంకు మందంగా ఉండే నాటు రకమే కావాలి. సొరపూలు పొద్దువాలాక తెల్లగా విచ్చుకుంటాయి. చీకట్లో తిరిగే రెక్కల పురుగులు రాకపోతే పిందె నిలవదు. మా చుట్టుపక్కల చేలల్లో మందులు కొట్టడం ఎక్కువయ్యాక, దీపం పట్టుకుని నేనే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దుతున్నాను. పాదుకు రెండు మూడు కాయలే ఉంచుతాను. ఒక్క జాగ్రత్త: చేదుగా ఉన్న సొరకాయను కూర వండుకోకండి, ప్రాణం మీదికి వస్తుంది.

3. బుర్ర కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. లోపలి పొడి గొంతు పట్టేస్తుంది.

4. వాద్యంలో సగం తోలే. మేకతోలును రాత్రంతా నానబెట్టి, తడి మీదే బుర్ర నోటికి బిగించి, నీడలో ఆరబెట్టాలి. ఆత్రంకొద్దీ ఎండలో పెడితే నా చేతిలో ఒకటి అంచు పొడవునా చీలిపోయింది. వానాకాలంలో తోలు వదులై గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. కాసేపు కుంపటి సెగ చూపిస్తే మళ్లీ బిగుస్తుంది. వెదురు దూర్చిన చోట సందు మిగిలితే తేనెమైనంతో పూడ్చండి, లేకపోతే కర్ర కదిలి శ్రుతి నిలవదు.

5. తీగ తనంతట తాను కదిలించే గాలి చాలా తక్కువ. తీగ కింద తోలు మీద నిలబెట్టే చిన్న చెక్కముక్క, గుర్రం, ఆ కదలికను తోలుకు అందిస్తుంది, తోలు బుర్రలోని గాలిని కదిలిస్తుంది, అప్పుడు అరుగు మీదివాళ్లకు వినబడుతుంది. కాబట్టి గుర్రాన్ని వెంటనే అతికించకండి. గోరంత జరపండి, మీటండి, మళ్లీ జరపండి. ఒక పూటంతా పట్టినా పరవాలేదు. తంబురా చేసేవాళ్లు తీగ కింద పత్తిపోగు పెట్టి జీవ, అంటే జుమ్మని సాగే నాదం, తెప్పిస్తారు. నేను గుర్రాన్ని కాస్త వెడల్పుగా చెక్కి అదే చేశాను. అంతవరకూ టంగుమని తెగిపోయిన నాదం జుమ్మని సాగింది. ఆ రాత్రి చాలాసేపు పక్కలో పెట్టుకుని మీటుతూనే ఉన్నాను.

6. ఈ విద్యను నిలబెట్టినవాళ్లను మరవకూడదు. మిరజ్ తంబురాలకు పండరీపురం వైపు పండే బుర్రలు వాడతారు. బొబ్బిలి వీణను పనసచెక్కతో చెక్కుతారు. మా పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెరలోనూ సొరబుర్రలు, వెదురే. ఆ కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన కులంవాళ్లు, డక్కలివాళ్లు, ఆకలికి ఓర్చుకుంటూ ఊరూరా మోసుకొచ్చిన విద్య అది. కిన్నెర నేర్చుకోవాలనుకునేవాళ్లు వాళ్ల దగ్గర కూర్చుని, గురుదక్షిణ ఇచ్చి నేర్చుకోవాలి.

7. బుర్ర తెరిచినప్పుడల్లా దోసెడు గింజలు వస్తాయి. బూడిద కలిపి కుండలో దాచాను, అడిగినవాళ్లకు ఇస్తున్నాను. ఈ తొలకరికి మీ దడి పక్కన రెండు గింజలు నాటండి. కాసినవాటిలో ఒక్క కాయను ఎవరు అడిగినా కోయనివ్వకండి.