తెనాలి–రేపల్లె రైలుదారి: నేల యెత్తును గూర్చి యొక పాఠము

గత వేసవి సెలవులలో మన తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు కంప్యూటరులో ఒక రైలుదారిని నిర్మింప బూనెను. అది ఊహించి కల్పించిన దారి కాదు. తెనాలి జంక్షనులో బయలుదేరి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరు మన దారియే. రైలు నడుపుటను తెరమీద అనుభవమునకు దెచ్చు సాధనములను సిమ్యులేటరు లందురు. 2001లో వెలువడిన ట్రెయిన్జ్ వంటి వానిలో నేలను, పట్టాలను, వంతెనలను, స్టేషన్లను మనమే కూర్చుకొనవచ్చును. ఆ బాలుడు మన నేల యెత్తుల పట్టికను సంపాదించి, దానిపై పట్టాలు పరచి, బండిని నడిపి చూచెను. నున్నని మాగాణి నేలలో సాగవలసిన రైలుబండి, గతుకుల బాటలో ఎడ్లబండివలె ఎగిరిపడెను.

అది వాని చేతి తప్పిదమేయని నేను తలచితిని. "ఉపగ్రహముల వారు కొలిచిన లెక్క తప్పునా? మొదటినుండి మరల చేయుము" అంటిని. వాడు మూడు దినములు మరల చేసెను. ఫలిత మొక్కటియే. నాలుగవనాడు వాడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, ఈ పట్టిక ప్రకారమైతే మన కాలువ ఎదురెక్కి పారాలండి" అనెను. ఆ మాటకు నాయొద్ద ఉత్తరము లేకపోయెను. అప్పుడు గురుశిష్యుల మిరువురము కూర్చుండి నేర్చుకొన్న పాఠమునే ఈ వ్యాసమున మీకు చెప్పబూనితిని.

1. ఎత్తుల పట్టిక యన నేమి?

ఒక పొలమును గళ్లుగళ్లుగా విభజించితి మనుకొనుడు. ప్రతి గడిలోను, ఆచోటు సగటు సముద్రమట్టమునకు ఎన్ని మీటర్ల ఎత్తున నున్నదో ఒక అంకె వ్రాసితిమి. ఇదియే ఎత్తుల పట్టిక. దీనినే డిజిటల్ ఎలివేషన్ మోడల్ అందురు. పటములో కొండను గోధుమరంగుతోను, పల్లమును ఆకుపచ్చతోను చూపుదుము. ఇందు రంగులకు మారుగా అంకెలుండును.

మన పనికి వాడిన పట్టికలో ఒక్కొక్క గడి ప్రక్క సుమారు 30 మీటర్లు. తెనాలినుండి రేపల్లెకు 34 కిలోమీటర్లు గదా! ఆ పొడవున 10 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీని తీసికొన్నచో 3,77,000 కు పైగా గళ్లగును. ఒక్కొక్క గడికి ఒక్కొక్క అంకె.

ఈ పట్టికలు అక్షాంశ రేఖాంశముల డిగ్రీల చొప్పున ముక్కలుగా లభించును. ఇచట మన ప్రాంతపు విశేష మొకటి గలదు. 16వ ఉత్తర అక్షాంశము రేపల్లెకు కొంచెము దక్షిణముగాను, బాపట్లకు ఉత్తరముగాను పోవుచున్నది. కావున తెనాలి–రేపల్లె దారి ఒక్క ముక్కలోనే ఇమిడిపోవును. తెనాలి–బాపట్ల దారికైతే రెండు ముక్కలు కావలయును. నిడుబ్రోలు దాటి బాపట్ల చేరులోపల రైలు ఆ కనబడని గీతను దాటును. భూగోళములో మీరు వల్లించు అక్షాంశములు మన పొలములమీదుగానే పోవుచున్నవని దీనివలన గ్రహింపుడు.

2. ఆకాశమునుండి కొలుచుట

ఈ పట్టిక 2000వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున తయారైన కొలతలనుండి పుట్టినది. అమెరికా దేశపు ఎండెవర్ అను అంతరిక్ష నౌక 11 దినములు భూమిచుట్టు తిరుగుచు రాడార్ తరంగములను నేలపైకి పంపి, తిరిగివచ్చిన వానిని రెండు గ్రాహకములతో అందుకొనెను. ఒకటి నౌకలోను, రెండవది 60 మీటర్ల పొడవు గల స్తంభము చివరను నుండెను. మనకు రెండు కన్ను లుండుటచే దూరము తెలియునట్లే, ఆ రెండు గ్రాహకములకు చేరిన తరంగముల భేదముచే నేల యెత్తు తెలియును. ఈవిధముగా భూమిమీది నేలలో సుమారు నూటికి ఎనుబది వంతులు కొలువబడినది.

మన దేశమువారి పట్టిక మరియొకటి గలదు. 2005లో ఇస్రో సంస్థ ప్రయోగించిన కార్టోశాట్–1 ఉపగ్రహము, ముందువైపు నొకటి వెనుకవైపు నొకటి వంగి చూచు రెండు కెమేరాలతో ఒకేచోటును రెండు కోణములనుండి చిత్రించెను. ఆ చిత్రములనుండి లెక్కించిన పట్టికను భువన్ అను వేదికద్వారా విద్యార్థులును పొందవచ్చును.

3. పట్టికనుండి రైలుదారి

పని క్రమ మిది. మొదట కావలసిన ముక్కను సంపాదించి, దారికి ఇరువైపుల నున్న పట్టీని మాత్రము కత్తిరింపవలయును. పిదప డిగ్రీలలో నున్న స్థానములను మీటర్లలోనికి మార్చవలయును. తరువాత దానిని సిమ్యులేటరులోని నేలపై దింపవలయును. ట్రెయిన్జ్‌లో నేల 720 మీటర్ల చదరపు పలకలుగా నుండును. 34 కిలోమీటర్ల దూరమును తిన్నగా పరచినను 48 పలకలు కావలయును. పిదప ఉపగ్రహ చిత్రమును చూచుచు పట్టాలను పరచి, కాలువలపై వంతెనలు కట్టి, స్టేషన్లను నిలుపవలయును.

అరకు పోవు కొత్తవలస–కిరండూలు దారికి ఈ పద్ధతి చక్కగా పనిచేయును. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. అంత యెత్తులో అయిదు మీటర్లు అటునిటైనను కొండ కొండగానే, లోయ లోయగానే కనబడును.

4. మన నేలలోని చిక్కు

మన సంగతి వేఱు. తెనాలి సముద్రమట్టమునకు సుమారు పది పండ్రెండు మీటర్ల ఎత్తున నున్నది; బాపట్ల, రేపల్లెలు అంతకంటె తక్కువ ఎత్తున నున్నవి. తెనాలినుండి రేపల్లెకు నేల అయిదారు మీటర్లు దిగునని లెక్కకొఱకు అనుకొందము. 34,000 మీటర్లను ఆరుచే భాగించిన, సుమారు 5,700 మీటర్లు పోగా ఒక మీటరు దిగుట యగును. ఇట్టి వాలును కన్ను పట్టజాలదు. నీరు మాత్రమే పట్టగలదు.

పట్టికలోని సంగతి చూడుడు. దానిని తయారుచేసినవారు పెట్టుకొన్న గురియే, నూటికి తొంబది చోట్ల తప్పు 16 మీటర్లకు మించరాదని. చాలచోట్ల తప్పు అంతకంటె ఎంతయో తక్కువ. అయినను అయిదారు మీటర్ల వాలును కొలుచుటకు, కొన్ని మీటర్లు తప్పగల కొలబద్ద యెట్లు చాలును? ఒక గడిలో 9 అనియు, ప్రక్క గడిలో 12 అనియు నున్నచో, 30 మీటర్ల దూరములో 3 మీటర్ల ఎక్కుడు, అనగా పదింట ఒక వంతు వాలు. ముంబాయి–పుణె నడుమ బోర్‌ఘాటులో 37 మీటర్లకు ఒక మీటరు ఎక్కవలసియుండుటచేతనే బండి వెనుక అదనపు ఇంజన్లు తగిలింపవలసివచ్చినది. ఇక పదింట ఒక వంతు వాలుగల దారి తెనాలి ప్రాంతమున నుండునా?

5. నీటిగొట్టముతో పరీక్ష

బాలుని తండ్రి తాపీమేస్త్రీ. పునాది సమముగా నున్నదో లేదో చూచుటకు ఆయన వాడు పారదర్శకపు నీటిగొట్టమును ఒక శనివారమునాడు పాఠశాలకు దెచ్చెను. గొట్టము రెండు కొనలలోను నీరు ఎప్పుడును ఒకే మట్టమున నిలుచును గదా! ఆటస్థలపు ద్వారమునుండి వెనుక గోడవఱకు మేకులు పాతి, మేకునుండి మేకునకు మట్టము చూచుకొనుచు పోతిమి. పట్టికలో ఆచోట నాలుగు గళ్లు గలవు. వాని అంకెలు వరుసగా 9, 11, 13, 10. నీటిగొట్టము చెప్పిన భేదము జానెడు మాత్రమే!

మరి ఆ నాలుగు మీటర్లు ఎక్కడివి? మేమందఱము తలలెత్తి చూచితిమి. ఆటస్థలము ప్రక్కను చింతతోపు, దాని నానుకొని రెండంతస్తుల వసతిగృహము. రాడార్ తరంగము నేలవఱకు దిగక, కొమ్మలను, మేడకప్పును తాకి మరలిపోయినది. పట్టిక చెప్పినది అసత్యము కాదు. అది కొలిచినది పైభాగమును, మేము అడిగినది నేలను. బాలుని బండి ఊరూర ఎగిరిపడుటకు కారణ మిదియే. ఊరు వచ్చినచోట ఇండ్లును చెట్లును వచ్చును, వానితో అంకెయు పెరుగును.

నేను తరగతిలోనే బాలునితో, "తప్పు నీది కాదు, నాది" అని చెప్పితిని. అంకె అచ్చులో నున్నంతమాత్రమున దానిని నమ్మి, పిల్లవానిని నమ్మకపోతిని.

6. సరిచేసిన విధము

తప్పులు రెండు రకములు. ఒకటి, ఒకమారు ఎక్కువగాను ఒకమారు తక్కువగాను వచ్చునది. పెక్కు గళ్ల సగటు తీసినచో ఇది తగ్గును. రెండవది, ఎల్లప్పుడు ఒకేవైపునకు వచ్చునది. చెట్లు నేలను పెంచునేగాని తగ్గింపవు. వేయి గళ్ల సగటు తీసినను ఇది పోదు. ఈ భేదమును బాగుగా జ్ఞాపక ముంచుకొనుడు.

కావున మేము మూడు సాక్షులను వెదకితిమి. మొదటి సాక్షి స్టేషను పేరుబల్ల. చాల స్టేషన్లలో పసుపుపచ్చని పేరుబల్లమీద ఆచోటు సముద్రమట్టమునకు ఎంత యెత్తో వ్రాసియుండును. మీలో అనేకులు ప్రతిదినము దానిని చూచుచు చదువక పోవుచున్నారు.

రెండవ సాక్షి పొలము. నౌక కొలతలు తీసినది ఫిబ్రవరిలో. అప్పటికి మన డెల్టాలో వరి కోసి, మినుము, పెసర చేలు నిలిచియుండును. అవి మోకాలి యెత్తయిన నుండవు. కనుక ఊరి గళ్లను విడిచి, దారికి చేరువనున్న పొలపు గళ్లనే యెన్నుకొంటిమి.

మూడవ సాక్షి కాలువ. 1855లో పూర్తియైన విజయవాడ ఆనకట్టనుండియు, 1957లో దాని స్థానమున వచ్చిన ప్రకాశం బ్యారేజినుండియు మన కాలువలకు నీరు వచ్చినది. పంటకాలువ మెరకవెంట పోవును, మురుగుకాలువ పల్లమువెంట పోవును. లేనిచో పొలమునకు నీరెక్కదు, ఎక్కిన నీరు దిగదు. పట్టికలో కాలువ ఎదురెక్కినట్లు కనబడినచో తప్పు పట్టికదే, నీటిది కాదు.

ఈ ఆధారములతో స్టేషన్లవద్ద పట్టాల యెత్తును మొదట నిలిపి, నడుమ మెల్లని వాలు గీసి, పిదప నేలను దానికి సరిపఱచి కట్ట పోసితిమి. కొండలలో నేలనుబట్టి పట్టాలు పరచవచ్చును. డెల్టాలో పట్టాలనుబట్టి నేలను దిద్దుకొనవలసివచ్చినది. 1916లో గుంటూరు–రేపల్లె మార్గములో భాగముగా ఈ దారిని వేసిననాడు ఆకాశమునుండి కొలుచువారు లేరు. నేలమీద నడచియే కొలిచిరి. ఒక వంద మీటర్లు నీటిగొట్టముతో కొలుచుటకు మాకు పూట పట్టినది. వారి శ్రమ ఎట్టిదో అప్పుడు తెలిసినది.

7. ఆటకు వెలుపల

ఇంత శ్రమ ఆటబండి కొఱకేనా యని తల్లిదండ్రులు అడుగవచ్చును. మా అమ్మమ్మగారిది రేపల్లెకు దిగువనున్న పల్లె. 1977 నవంబరు 19వ తేదీ తుఫానునాడు నీరు ఎంతవఱకు వచ్చెనో ఆమె గోడమీద చేయి ఆనించి చూపెడివారు. ఆ ఉప్పెనలో కృష్ణా డెల్టాలో వేలకొలది జనులు మరణించిరి. మనవంటి నేలలో ఒక మీటరనగా ఇల్లు దక్కుటకును పోవుటకును గల భేదము.

సముద్రతీరములలో నీరు ఎంతవఱకు రాగలదో లెక్కించుటకు ఇట్టి పట్టికలనే వాడుచుందురు. చెట్లను, ఇండ్లను నేలగా ఎంచినచో పల్లపు ఊరు మెరకగా కనబడును. ప్రమాదము లేనట్లు తోచును. ఆ తప్పును సవరించి లెక్కింపగా, ప్రమాదములో నున్నవారి సంఖ్య ప్రపంచమున మునుపటి లెక్కకు మూడురెట్లయినదని 2019లో ప్రకటితమైన యొక పరిశోధన చెప్పినది. తెరమీద బండి ఎగిరిపడుటయు ఇదియు ఒక్క తప్పునుండి పుట్టినవే. ఆటలో అది నవ్వు పుట్టించును, అంతే భేదము.

పాఠశాల తెఱచిన పిదప తల్లిదండ్రుల దినమున బాలుని బండి తెనాలినుండి రేపల్లెకు కుదుపులేక నడిచెను. మేస్త్రీగారు ముందువరుసలో కూర్చుండి చూచిరి.

అభ్యాసము

1. మీరు ఎక్కు స్టేషను పేరుబల్లపై నున్న ఎత్తును వ్రాసికొని రండు. తెనాలి, బాపట్ల, రేపల్లెల అంకెలను పోల్చి వాలును లెక్కింపుడు.

2. మీ యింటికి చేరువనున్న పంటకాలువను, మురుగుకాలువను చూచి, ఏది మెరకమీద నున్నదో పటము గీయుడు.

3. మీ వీధిలో 1977నాటి నీరు చూచిన పెద్దలున్నచో వారిని అడిగి, నీరు వచ్చిన యెత్తును ఇంటి గడపనుండి కొలిచి తెండు.