బండి దిగాక ఒక్క నిమిషం

"ఇంట్లోనే ఉంది కదా, ఎవడు తీసుకెళ్తాడు?" రాత్రి బండి పెట్టి లోపలికి నడుస్తూ మనం అనుకునే మాట ఇది. ఈ మాటని ఈ రోజే మానేద్దాం.

గేటు ఉంది, నిజమే. వాచ్‌మన్ ఉన్నాడు. సెల్లార్‌లో సీసీ కెమెరా కూడా ఉంది. కానీ కెమెరా జరిగింది చూపిస్తుందే తప్ప, జరగబోయేది ఆపదు. బండిని కాపాడేది మీ అలవాటు. అలవాటు మార్చుకోవడం మీ చేతిలో పని. మీరు మార్చుకోగలరు.

ముందు మీ పార్కింగ్‌ని ఒకసారి దొంగ కళ్లతో చూడండి. మన విజయవాడ సత్యనారాయణపురం, కృష్ణలంక సందుల్లో బండి గుమ్మం పక్కనో, మెట్ల కిందో ఉంటుంది. పటమట, కానూరు, పోరంకి అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌కి పిల్లర్లే తప్ప గోడలుండవు. ఉయ్యూరు, పామర్రు వైపు వెళ్తే పోర్టికోలోనో, పశువుల కొట్టం పక్కనో. ఇక ఎండాకాలం ఉక్కకి ఇంటిల్లిపాదీ డాబా ఎక్కి పడుకుంటే కింద బండి ఒక్కటే మిగులుతుంది. మన గ్యారేజ్‌లలో చాలావాటికి తలుపే లేదు. ఈ సంగతి ఒప్పుకోండి. అదే ఫస్ట్ స్టెప్.

వరసలో పది బండ్లుంటే దొంగ దేని దగ్గరికి వెళ్తాడు? అన్నిటికంటే సులువుగా కదిలేదాని దగ్గరికి. ఆలస్యం, చప్పుడు, వెలుతురు... అతను భయపడేది ఈ మూడింటికే. మీ బండి దగ్గర ఆ మూడూ ఉండేలా చూసుకోవడమే మీ పని.

హ్యాండిల్ లాక్ వేశాం, చాలదా? చాలదు. గట్టిగా కాలితో తంతే విరిగే లాక్‌లు చాలా ఉన్నాయి. పాత బండ్లకైతే ఆ శ్రమ కూడా అక్కర్లేదు. లాక్ లోపల అరిగిపోతే మారు తాళంచెవి తిరిగిపోతుంది. మీ బండి కీ లాక్‌లో వదులుగా ఆడుతోందా? ఇంజిన్ ఆన్‌లో ఉండగానే చేతికి వచ్చేస్తోందా? అయితే లాక్ సెట్ మార్చేయండి. వచ్చే నెల అనకండి. ఈ ఆదివారం.

ఇక మీ రాత్రి రొటీన్:

1. ముందు చక్రం గోడ వైపు ఉండేలా పెట్టండి. హ్యాండిల్ లాక్ వేసి, కీ తీశాక ఒకసారి హ్యాండిల్ కదిపి చూడండి. పడిందనుకోవడం వేరు, పడటం వేరు.

2. రెండో తాళం వేయండి. డిస్క్ బ్రేక్ ఉంటే డిస్క్ లాక్. దానికో రంగు తాడు కట్టి హ్యాండిల్‌కి తగిలించండి, పొద్దున మర్చిపోయి బండి కదిపి కింద పడకుండా. మీది రెండు వైపులా డ్రమ్ బ్రేకున్న స్కూటర్ అయితే డిస్క్ లాక్ పనికిరాదు. చైనే దారి.

3. ఒరిజినల్ ఆర్‌సీ సీటు కింద వద్దు. డిజిలాకర్‌లోనో, ఎం-పరివాహన్‌లోనో ఉన్న కాపీ రోడ్డు మీద చెల్లుతుంది.

4. కీ కిటికీ పక్క మేకుకి వద్దు. లోపలి గదిలో, ఎప్పుడూ ఒకే చోట.

చైన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది డబ్బు పెట్టి కూడా నష్టపోతారు. డెల్టాలో ఏ రైతూ పశువుని కొట్టంలోకి తోలి ఊరుకోడు, గుంజకి కట్టేస్తాడు. బండికీ గుంజ కావాలి. దేనికీ కట్టని చైన్ చుట్టి వదిలేస్తే ఇద్దరు మనుషులు బండిని ఎత్తి ఆటోలో పడేసుకుని వెళ్లిపోతారు.

సొంతిల్లయితే నేలలోనే కడియం వేయించండి. మందపాటి ఇనుప రాడ్‌ని యు ఆకారంలో వంచి, కింది కాళ్లకి అడ్డంగా ఇంకో ముక్క వెల్డ్ చేయిస్తే చాలు. మన ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులకి లోటు లేదు. గుంత తీసి కాంక్రీట్‌లో పాతించండి. నీళ్లు పెట్టి బాగా గట్టిపడ్డాకే వాడండి. అపార్ట్‌మెంట్ అయితే చైన్‌ని పిల్లర్ చుట్టూ తిప్పండి. పిల్లర్‌కి మాత్రం డ్రిల్ వేయించొద్దు, బిల్డింగ్ బరువంతా మోసేది అదే.

చైన్ ఎక్కడి నుంచి వెళ్లాలి? వెనక చక్రం, ఫ్రేమ్ రెండింటి గుండా. ముందు చక్రానికి మాత్రమే వేస్తే చక్రం విప్పి బండి తీసుకెళ్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి: చైన్ నేల మీద పడి ఉండకూడదు. కట్టర్ పిడి ఒకటి నేలకి ఆనించి, రెండోదాని మీద ఒంటి బరువంతా వేస్తే పని తేలికైపోతుంది. గాల్లో బిగువుగా ఉంటే ఆ బలం దొరకదు.

ఇన్నీ తెలిసి కూడా వేయం. ఎందుకు? "ఐదు నిమిషాల్లో మళ్లీ వెళ్లాలి కదా." ఈ మైండ్‌సెట్‌ని జయించండి. దానికో చిన్న టెక్నిక్ ఉంది. చెప్పులు విడిచే ముందు తాళం. తాళం పడకుండా చెప్పులు కాలి నుంచి దిగకూడదు. కొత్త అలవాటుని పాత అలవాటుకి ముడేస్తే విల్‌పవర్‌తో పనుండదు. ఇంట్లో రూల్ కూడా పెట్టండి: చివర్లో బండి తెచ్చిన వాళ్లే తాళం వేయాలి. మామయ్యగారైనా సరే, కాలేజీ అబ్బాయైనా సరే.

సంక్రాంతికి ఊరెళ్తున్నారా? బండిని చైన్‌తో కట్టి, ప్లగ్ క్యాప్ పీకి వెళ్లండి. ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి మీ స్టేషన్‌లో అడగండి. తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి, ఎవరైనా అడుగుపెడితే కంట్రోల్ రూమ్‌కి అలర్ట్ వెళ్లే ఏర్పాటు అది. ఊరెళ్తున్నామని స్టేటస్‌లు మాత్రం తిరిగొచ్చాక పెట్టుకోండి.

కొనేవాళ్లకీ ఒక మాట. కాగితాల్లేని బండి చవగ్గా వస్తోందని పల్లెల్లో ఎవరైనా చూపిస్తే కొనకండి. దొంగ సొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద నేరం. కొనేవాడు లేకపోతే దొంగకి పని లేదు. నాకు ఈ విషయంలో కోపం ఎక్కువ, దాచుకోను. ఆ చవక బండి వెనక ఇంకో ఇంట్లో కడుతూ ఉన్న ఈఎంఐ ఉంటుంది.

ఇప్పుడు ఇన్సూరెన్స్. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కి 5 ఏళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అయింది. షోరూమ్‌లో ఇచ్చే ప్యాకేజీలో ఓన్ డ్యామేజ్ కవర్ తరచుగా ఒక్క ఏడాదికే ఉంటుంది. 5 ఏళ్లు ఉంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. థర్డ్ పార్టీ కవర్ దొంగతనానికి పైసా ఇవ్వదు. వరదకీ ఇవ్వదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా బండ్లకి పనికొచ్చేది ఓన్ డ్యామేజ్ కవరే. పాలసీ తెరిచి ఆ కవర్ ముగిసే తేదీ ఇవాళే చూడండి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా బండి పోయిందనుకోండి. కంగారు పడకుండా వెంటనే 112కి ఫోన్ చేయండి. స్టేషన్‌కి వెళ్లి ఎఫ్ఐఆర్ చేయించండి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చినా మూడు రోజుల్లోపు దాని మీద సంతకం పెట్టాలి. ఇంజిన్, ఛాసిస్ నంబర్ల ఫొటో ఫోన్‌లో ముందే ఉంటే ఆ కంగారులో వెతుక్కోనక్కర్లేదు. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయండి. క్లెయిమ్‌కి వాళ్లు మామూలుగా బండి కీలు రెండూ అడుగుతారు. మీ రెండో కీ ఎక్కడుంది? లేచి వెతికి, పాలసీ కాగితాలతో కలిపి బీరువాలో పెట్టండి.