విద్యుత్తు ఆగినపుడు చేపలతొట్టికి ఊపిరి

మన రాజపాళయపు ఇండ్లలో చేపలతొట్టి నేడు అపురూప వస్తువు కాదు. పిల్లలు వేడుకపడి కోరుదురు, పెద్దలు కొనిపెట్టుదురు. గాజుతొట్టిలో రంగురంగుల చేపలు తిరుగాడుచుండ, ఒక మూల గాలిపంపు సన్నగా రొద చేయుచుండును. ఆ రొద నిలిచినపుడే దాని విలువ మనకు తెలియవచ్చును. కరెంటు పోయి పంకా ఆగినచో మనము వాకిటికి పోయి కూర్చుందుము. చేపకు పోవుటకు వేరొక చోటు లేదు.

తమిళనాట 2012వ సంవత్సరమున విద్యుత్కొరత మిక్కుటమై, చెన్నపట్టణము వెలుపలి జిల్లాలలో దినమునకు ఎనిమిది గంటలకు మించి సరఫరా నిలిచిన రోజులు పెక్కు. అట్టి కొరత తరువాత తగ్గినది. అయినను మరమ్మతుల నిమిత్తము ముందుగా ప్రకటించి పగటిపూట కొన్ని గంటలు సరఫరా నిలుపుట నేటికిని కలదు. గాలివానలైతే చెప్పి రావు. 2023 డిసెంబరు 17, 18 తేదీల పెనువర్షములకు మనకు దక్షిణముననున్న తిరునెల్వేలి, తూత్తుకుడి జిల్లాలలో పెక్కు తావులు దినముల తరబడి చీకటిలో నుండెను.

1936లో పి.ఎ.సి. రామసామి రాజాగారు రాజపాళయం మిల్లును స్థాపించిరి. నూలుమిల్లుల ఊరగు మన పట్టణమున, విద్యుత్తు ఆగిన కదురు ఆగునని చిన్నపిల్లలకును తెలియును. అందులకే మిల్లులు జనరేటర్లను సిద్ధముగా నుంచుకొనును. ఆ న్యాయమే చేపలతొట్టికిని చెల్లును. పరిమాణము మాత్రము చిన్నది.

ఈ పాఠమున చెప్పదలచిన ముఖ్యవిషయ మిది: ఇంటి కరెంటుతో నడచు గాలిపంపును బాటరీతో నడుపుటకు పాటుపడుట కంటె, బాటరీతోనే నడచు మరియొక చిన్న పంపును దానికి తోడుగా నుంచుట మేలు. అది చౌక, అపాయము తక్కువ, ఎక్కువ కాలము నడచును. ఏల యట్లో క్రమముగా చూతము.

నీటిలో ఊపిరి

చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. నీటిలో నది మిక్కిలి కొలది. 30 డిగ్రీల వేడిగల ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండును. అంతే వేడిగల లీటరు మంచినీటిలో, కరగగలిగినంతయు కరగినను, అది సుమారు 7.6 మిల్లీగ్రాములు మాత్రమే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల తొట్టిలో దాదాపు 50 లీటర్ల నీరు పోయుదుము. ఆ నీటియంతటిలోను గల ప్రాణవాయువు 380 మిల్లీగ్రాములు. అనగా అర గ్రామునకును తక్కువ. తొట్టిలోని చేపలన్నియు దానినే పంచుకొనవలెను.

నీరు వేడెక్కినకొలది దానిలో ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు 9.1 మిల్లీగ్రాములు నిలువగలదు. వేడి పెరిగినకొలది చేపకు కావలసిన ప్రాణవాయువు మాత్రము హెచ్చును. కావున వేసవి మధ్యాహ్నమున కరెంటు పోయిన తొట్టి, రాబడి తగ్గి వ్యయము పెరిగిన సంసారము వంటిది. చేపలు క్రిక్కిరిసియున్నచో కొలది గంటలలోనే అవి నీటిపైకి వచ్చి నోరు తెరచుచు, మొప్పలు వడిగా ఆడించుచు బాధపడును.

కొరమీను నీటిపైకి వచ్చి గాలినే పీల్చి బ్రదుకగలదు. తొట్టిలో పెంచు గురామి, ఫైటరు చేపలకును ఆ శక్తి కలదు. బంగారుచేప, గప్పీ మొదలగువానికి అట్టి అవయవము లేదు.

పంపు వదలు బుడగలు అడుగునీటిని పైకి తెచ్చును, నీటిపైభాగమును కదలించును. ప్రాణవాయువు ముఖ్యముగా ఆ కదలెడు పైభాగమునుండియే నీటిలోనికి దిగును. కావున కరెంటు లేని వేళ బుడగలు విస్తారముగా నుండనక్కరలేదు. నీటిపైభాగము ఎడతెగక కదలుచుండిన చాలును. చిన్నపంపు సరిపోవుటకు కారణ మిదియే.

ఇంటిపంపు బాటరీతో ఏల నడువదు?

సాధారణపు గాలిపంపు లోపల ఇనుపముక్కకు చుట్టిన రాగితీగ చుట్ట, దాని యెదుట కొసయందు అయస్కాంతముగల చిన్న మీట, ఆ మీటకు తగిలించిన రబ్బరుతిత్తి యుండును. మన ఇంటి విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము. అది సెకనుకు 50 మారులు ముందునకు, 50 మారులు వెనుకకు పారును. ప్రవాహపు దిశ మారినపుడెల్ల తీగచుట్ట యొక్క ధ్రువములు తారుమారై, మీటను ఇటునటు ఊపును. తిత్తి కొలిమితిత్తివలె గాలిని పీల్చి వదలును.

బాటరీనుండి వచ్చునది ఏకముఖ ప్రవాహము. దానికి ఊపు లేదు. అది మీటను ఒక ప్రక్కకు లాగి యట్లే పట్టియుంచగలదు గాని ఆడింపజాలదు. బాటరీ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర ప్రవాహముగా మార్చు ఇన్వర్టరు అను సాధనము కలదు. ఇంటికంతకును ఇన్వర్టరు గలవారు గాలిపంపును దాని లైనునకు తగిలించిన చాలును; వారికి ఈ శ్రమ అక్కరలేదు. కాని తొట్టి కొరకే చిన్న ఇన్వర్టరు కొనుట లాభకరము కాదు. ఏలయన, అది తన నిర్వహణకే కొంత శక్తిని తినివేయును. మరియు నీటిప్రక్కన 230 వోల్టుల అపాయము అట్లే నిలిచియుండును.

బాటరీ ఒక గాదె

సీసపు బాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. దానియందు ఒక పలక సీసము. రెండవది సీసపు డయాక్సైడు. రెండింటి నడుమ గంధకికామ్లము. విద్యుత్తు వెలువడునపుడు రెండు పలకలపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును. ఛార్జి చేయునపుడు అది తిరిగి మొదటి రూపము పొందును. ఒక్కొక్క అర సుమారు 2 వోల్టులు. ఆరు అరలు కలిసి 12 వోల్టులు.

గాదెలోని ధాన్యమును అడుగంట ఊడ్చుట గృహస్థునకు తగదు. ఈ బాటరీయు నట్టిదే. పూర్తిగా ఖాళీచేసి యట్లే వదలినచో సల్ఫేటు గట్టిపడి, మరల ఛార్జికి లొంగదు. సగము వరకే వాడుకొని వెంటనే నింపుట మేలు.

లెక్క

బజారులో దొరకు మూతబిగించిన చిన్న సీసపు బాటరీ 12 వోల్టులు, 7 ఆంపియరు-గంటలు. అంగడిలో 'పన్నెండు వోల్టు, సెవెన్ ఏహెచ్ బాటరీ' అని అడిగిన ఇత్తురు. దానియందలి శక్తి 12 × 7 = 84 వాట్టు-గంటలు. సగము వాడుకొందుమేని 42 వాట్టు-గంటలు.

ఏకముఖ ప్రవాహముతో నడచు 12 వోల్టుల చిన్నపంపు 3 వాట్టులు తీసికొనునని యనుకొందము. 42 ÷ 3 = 14 గంటలు. ఇక ఇన్వర్టరు మార్గము చూతము. ఇంటిపంపునకు 3 వాట్టులు, ఇన్వర్టరు తాను తినునది 7 వాట్టులు అనుకొన్నచో మొత్తము 10 వాట్టులు. 42 ÷ 10 = 4 గంటల 12 నిమిషములు. అదే బాటరీ, అదే తొట్టి. నడచు కాలము మాత్రము మూడవవంతునకును తక్కువ. తమ పంపుపై వ్రాసియున్న వాట్టులనుబట్టి ఈ లెక్కను పిల్లలచేతనే వేయింపుడు.

కూర్పు

కావలసిన వస్తువులు: 12 వోల్టుల 7 ఆంపియరు-గంటల బాటరీ, దానికి తగిన, 13.5 మొదలు 13.8 వోల్టులవద్ద తానై నిలుచు ఛార్జరు. 12 వోల్టుల ఏకముఖ గాలిపంపు. 12 వోల్టుల రిలే. ప్లగ్గులో గ్రుచ్చు 12 వోల్టుల అడాప్టరు. 1 ఆంపియరు ఫ్యూజు. రెండు రంగుల తీగలు. రబ్బరు గొట్టము, నీటిలో నుంచు గాలిరాయి, గాలిని ఒకే దిశను పోనిచ్చు చిన్న కవాటము.

రిలే యనగా విద్యుత్తు కాపలాయుండు తలుపు. అందలి తీగచుట్టకు విద్యుత్తు అందునంతవరకు అది అయస్కాంతమై పలకను లాగిపట్టును; విద్యుత్తు ఆగగనే స్ప్రింగు పలకను వెనుకకు లాగును. దానిపై 'కామన్', 'ఎన్.సి.', 'ఎన్.ఓ.' అను మూడు కొసలుండును. చుట్టలో విద్యుత్తు లేనపుడు కామనును తాకియుండునది ఎన్.సి. మనకు కావలసినది అదియే.

1. అడాప్టరు యొక్క రెండు తీగలను రిలే చుట్ట కొసలకు కలుపవలెను.

2. బాటరీ ధనధ్రువమునుండి ఎఱ్ఱతీగను, ధ్రువమునకు దగ్గరగా ఫ్యూజు నుంచి, రిలే కామనునకు కలుపవలెను.

3. ఎన్.సి. కొసనుండి తీగను చిన్నపంపు ధనధ్రువమునకు కలుపవలెను.

4. పంపు ఋణధ్రువమునుండి నల్లతీగను బాటరీ ఋణధ్రువమునకు చేర్పవలెను.

5. ఛార్జరును నేరుగా బాటరీ ధ్రువములకు, గుర్తులు చూచి, తగిలింపవలెను.

6. పంపు గొట్టమునకు కవాటము అమర్చి, వేరొక గాలిరాయితో తొట్టిలో దింపవలెను. కవాటము లేనిచో, పంపు ఆగియున్నపుడు తొట్టినీరు గొట్టముగుండ వెనుకకు పారి పంపును, నేలను తడుపును.

కరెంటు ఉన్నంతవరకు అడాప్టరు రిలేను పట్టియుంచును, చిన్నపంపు ఊరకుండును, బాటరీ నిండుచుండును. కరెంటు పోయిన రెండు మూడు సెకనులలో రిలే వదలును, చిన్నపంపు నడచును. ఎవ్వరును మీట నొక్కనక్కరలేదు. ఇంటివారు ఊరిలో లేకున్నను, నడిరేయి నిద్రించుచున్నను ఇది తన పని తాను చేయును. అడాప్టరు చెడిపోయినను రిలే వదలి పంపు నడచును. ఇంటిపంపు ఆడుచుండగానే చిన్నపంపు రొద వినబడినచో అడాప్టరును చూడవలెను.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

12 వోల్టుల వైపు పనిని పెద్దల సమక్షమున పిల్లలు చేయవచ్చును. 230 వోల్టుల వైపు పని పిల్లలకు వలదు. అడాప్టరును, ఛార్జరును ఐ.ఎస్.ఐ. లేక బి.ఐ.ఎస్. గుర్తుగలవానినే కొని, విప్పక వాడవలెను. తడిచేతులతో ప్లగ్గును ముట్టరాదు. తీగలు తొట్టినుండి ప్లగ్గునకు నేరుగా పోక, నడుమ క్రిందికి వ్రేలాడునట్లు విడువవలెను. జారిన నీటిబొట్టు ఆ వంపువద్దనే రాలిపోవును.

12 వోల్టులు మనిషిని కొట్టకున్నను, బాటరీ రెండు ధ్రువములను ఇనుపముక్క కలిపినచో తీగ కాలి నిప్పు పుట్టగలదు. ఫ్యూజు అందులకే, దానిని మానరాదు. ఛార్జి మితిమీరినచో బాటరీనుండి ఉదజని వాయువు వెలువడవచ్చును. కావున బాటరీని గాలి చొరని పెట్టెలో బంధింపరాదు. తొట్టిక్రింద గాక, ప్రక్కన ఎత్తుగా, ఎండ తగులనిచోట నుంచవలెను. వేడి పది డిగ్రీలు హెచ్చిన బాటరీ ఆయుష్షు సుమారు సగమగును. పాతబడిన బాటరీని చెత్తలో పారవేయక అమ్మినవారికే తిరిగి ఇయ్యవలెను. సీసము నేలకు, నీటికి విషము. 2022లో కేంద్రప్రభుత్వము వెలువరించిన బాటరీ వ్యర్థముల నియమములును పాత బాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినవి.

సరఫరా చాలసేపు రాకున్నచో మల్టీమీటరుతో చూడవలెను. పంపు నడచుచుండగా బాటరీ 11.8 వోల్టులకు దిగినచో పంపును ఆపి విశ్రాంతి నీయవలెను. అప్పుడును చేపలను కాపాడు ఉపాయము కలదు: చెంబుతో తొట్టినీటినే ముంచి జానెడు ఎత్తునుండి మరల తొట్టిలో పోయుచుండుట. కరెంటు లేని వేళ చేపలకు మేత వేయరాదు. తిన్న చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. తొట్టిమూతను తీసియుంచవలెను. ఫిల్టరు చాలగంటలు ఆగియున్నచో, అందలి మేలుచేయు సూక్ష్మజీవులును ఊపిరాడక చచ్చి నీరు చెడియుండును. దానిని తొట్టినుండి తీసిన నీటితో కడిగిన పిమ్మటనే నడుపవలెను. క్లోరిను కలిసిన కుళాయినీరు మిగిలిన సూక్ష్మజీవులనుకూడ చంపును.

పరీక్ష

నెలకొకమారు, సెలవుదినమున, అడాప్టరును ఛార్జరును ప్లగ్గునుండి తీసి రెండు గంటలు చిన్నపంపును నడువనిండు. మొదట, చివర బాటరీ వోల్టులను పిల్లవానిచేత నోటుపుస్తకమున వ్రాయింపుడు. ఆ రెండు అంకెల భేదము నెలనెలకు పెరుగుచుండినచో బాటరీ ముసలిదగుచున్నదని తెలియును. కరెంటు పోయిననాడు తెలిసికొనుట కంటె ముందే తెలిసికొనుట మేలు.

మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, శాస్త్రగ్రంథములలో ఆంగ్లమును ఎరుగుదురు. ఈ పని చేయునపుడు ప్రతి అడుగునకును 'ఏల?' అని ఇంటిభాషలోనే అడుగుడు. రిలేలో ఎన్.సి. కొసనే ఏల వాడితిమి? బాటరీలో సగమే ఏల వాడవలెను? వేసవిలో చేపకు అపాయము ఏల హెచ్చు? అవ్వకు అర్థమగునట్లు ఈ మూడింటికి సమాధానము చెప్పగలిగిన బిడ్డకు తొట్టి సంరక్షణను నిర్భయముగా అప్పగింపవచ్చును.